పిడికిలి బిగిసేదెలా? విడేదెలా?



నేను ఈ మాటలు చెబుతున్న వేళకి మీలో కొందరు చపాతీల పిండి కలుపుతుంటారు. కొందరు తడిబట్టలు పిండి ఆరవేస్తుంటారు. ఒక్క క్షణం ఆ చేతిని చూసుకోండి. పిడికిలి గట్టిగా బిగించండి. ఇప్పుడు వదలండి. బిగించినప్పుడు పని చేశాననీ, వదిలినప్పుడు పని మానేశాననీ అనుకుంటాం. అది నిజం కాదు సుమండీ! వదలడం కూడా పనే. దానికీ ఖర్చు ఉంది. బిగించమని చెప్పేదీ, తాను తప్పుకుని విడిపించేదీ ఒకటే వస్తువు. దాని పేరు మీకు కొత్త కాదు. మందుల దుకాణంలో మనం చీటీ లేకుండానే అడిగి తెచ్చుకునే బిళ్ళల పేరే అది. కాల్షియం.

కాల్షియం అనగానే మనకి ఎముకలు గుర్తుకొస్తాయి, పళ్ళు గుర్తుకొస్తాయి. కండరాలు గుర్తుకు రావు. నాకు మాత్రం ఆ పాఠం కంఠతా వచ్చు. కాలేజీలో ఆడపిల్లలకు ఇరవై ఏళ్ళపాటు శరీరధర్మ శాస్త్రం చెప్పినదాన్ని నేను. అయినా ఆ పాఠం మా ఇంట్లో మనిషి ఒంటిమీద రాసి ఉంటే చదవలేకపోయాను. ఆ సంగతి చెప్పడానికే ఈవేళ మీ ముందుకు వచ్చాను.

మా పెద్దమ్మది శామీర్‌పేట. హైదరాబాదు నుంచి కరీంనగర్ వెళ్ళే రోడ్డుమీద అల్వాల్, హకీంపేట, తూంకుంట దాటాక పెద్ద చెరువు కనిపిస్తుంది చూడండి, ఆ ఊరే. ఆదివారాలు పట్నంవాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని చెరువు చూడడానికీ, కట్టమైసమ్మకి మొక్కు తీర్చుకోడానికీ వస్తుంటారు. మా పెద్దమ్మ వయసులో ఉన్నప్పుడు పొద్దున పొలంలో దిగితే దీపాలవేళకి గాని ఇంటికి వచ్చేది కాదు. తరవాత పొలాలు పోయాయి, ప్లాట్లు వచ్చాయి. కొడుకులు మంచి ఇల్లు కట్టారు. పెద్దమ్మ నీడపట్టున కూర్చుంది. ఇన్నాళ్ళకి సుఖపడుతోంది గదా అని అందరం సంతోషించాం.

ఒకసారి పండక్కి వెళ్ళాను. నేలమీద పీటలు వేసుకుని భోజనాలు చేశాం. అందరం లేచాం, పెద్దమ్మ లేవలేదు. ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ళమీద ఆనించి, ఆ తరవాత తొడలమీద ఆనించి, తన ఒళ్ళు తానే ఎక్కుతున్నట్టుగా లేచింది. "మోకాళ్ళా పెద్దమ్మా?" అన్నాను. "మోకాళ్ళు మంచిగనే ఉన్నయి బిడ్డా. తొడలల్లనే సత్తువ లేదు. రాత్రిపూట పిక్కలు పట్టేస్తున్నయి" అంది. "వయసు పెద్దమ్మా" అన్నాను నేను. ఎవరో చెప్పారని కాల్షియం బిళ్ళలు మింగుతోందట. "మంచిదే, మానకు" అని కూడా చెప్పి వచ్చాను. ఇరవై ఏళ్ళు పాఠం చెప్పినదాని నోటినుంచి వచ్చిన సలహా అది!

సరే, పెద్దమ్మని అక్కడ కూర్చోబెట్టి అసలు పాఠంలోకి వెళదాం.

కాల్షియం అంటే పరాయి వస్తువేమీ కాదు. గోడకి వేసే సున్నంలో ఉన్నదీ, తాంబూలంలో రాసుకునే సున్నంలో ఉన్నదీ అదే ధాతువు. పెద్దవాళ్ళ ఒంట్లో సుమారు ఒక కిలో కాల్షియం ఉంటుంది. అందులో నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు ఎముకల్లోనూ, పళ్ళలోనూ ఉంటుంది. మిగిలిన ఒక్క పాలు రక్తంలోనూ, మిగతా శరీరంలోనూ తిరుగుతూ ఉంటుంది. ఎముకల్లో ఉన్నది గోడలో సున్నం లాంటిది. బయట తిరిగేది మాత్రం వార్తాహరుడి లాంటిది. ఈవేళ మన కథ ఆ వార్తాహరుడిది.

మన కండరాలు సన్నని పోగుల కట్టలు. ఒక్కొక్క పోగూ ఒక జీవకణం. విచిత్రం ఏమిటంటే, పోగు ఊరికే ఉన్నప్పుడు దాని లోపలి రసంలో కాల్షియం దాదాపు ఉండనే ఉండదు. బయట రక్తంలో తిరిగే దానిలో పదివేలో వంతు మాత్రమే ఉంటుంది. లోపలికి చొరబడిన కాల్షియాన్ని కణం ఎప్పటికప్పుడు ఊడ్చేస్తూ ఉంటుంది. ఎందుకంటారా? ఇల్లంతా గోలగా ఉన్నప్పుడు మీరు గాజులు గలగలలాడించినా ఎవరికీ వినపడదు. అర్ధరాత్రి ఇల్లు సద్దుమణిగాక అదే గాజుల చప్పుడికి అందరూ లేచి కూర్చుంటారు. లోపల అంత నిశ్శబ్దంగా ఉంచుకుంది గనకనే, కొంచెం కాల్షియం రాగానే కండరం ఉలిక్కిపడుతుంది.

ఈ రహస్యం మొదట బయటపడింది ఒక పొరపాటువల్ల. లండన్‌లో సిడ్నీ రింగర్ అనే వైద్యుడు ఉండేవాడు. కప్ప గుండెను బయటికి తీసి, ఉప్పునీటి ద్రావకంలో ఉంచి, అది ఎంతసేపు కొట్టుకుంటుందో చూస్తుండేవాడు. మొదట్లో గుండె చక్కగా కొట్టుకుంది. తరవాత ఒకసారి అదే ద్రావకం, అదే పాళ్ళలో కలిపితే గుండె కాసేపటికే నీరసించి ఆగిపోయింది. ఏమిటా అని ఆరా తీస్తే తెలిసింది. మొదట్లో ద్రావకం కలిపిన సహాయకుడు శుద్ధిచేసిన నీళ్ళకు బదులు కుళాయి నీళ్ళు వాడేశాడు! లండన్ కుళాయి నీళ్ళలో సున్నం ఉంది. ఆ సున్నమే గుండెను కొట్టించింది. 1883లో రింగర్ ఆ పొరపాటును దాచుకోకుండా అచ్చువేశాడు. ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించేటప్పుడు సీసామీద "రింగర్ లాక్టేట్" అని రాసి ఉండడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ రింగర్ ఈయనే. ఆ సీసాలో ఇప్పటికీ ఉప్పుతోపాటు చిటికెడు కాల్షియం ఉంటుంది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. గుండె కండరానికి ప్రతి దెబ్బకీ బయటి కాల్షియం కావాలి. కాలి కండరం అలా కాదు. చుట్టూ ఉన్న ద్రావకంలో కాల్షియం లేకుండా చేసినా, కొంతసేపు హాయిగా ముడుచుకుంటూనే ఉంటుంది. అయితే దానికి కాల్షియంతో పని లేదా? 1947లో అమెరికాలో హైల్‌బ్రన్, వియర్చిన్‌స్కీ అనే ఇద్దరు కప్ప కండరపు పోగులోకి సూదితో రకరకాల లవణాలు ఎక్కించి చూశారు. సోడియంకీ, పొటాషియంకీ, మెగ్నీషియంకీ పోగు కదలలేదు. కాల్షియం తగలగానే చటుక్కున ముడుచుకుంది. అయినా చాలామంది నమ్మలేదు. కండరాల శాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన ఏ.వి. హిల్‌గారు లెక్క కట్టి మరీ చెప్పారు. పోగు పైపొర నుంచి మధ్యదాకా కాల్షియం పాకివెళ్ళడానికి పట్టే కాలం ఎక్కువ, కండరం ముడుచుకోడానికి పట్టే కాలం తక్కువ, ఈ రెండూ పొసగవు అన్నారు. ఆయన లెక్క తప్పు కాదు. కాల్షియం బయటినుంచి రావలసిన అవసరమే లేదని అప్పటికి తెలియదు, అంతే.

అది ఇంట్లోనే ఉంది. మళ్ళీ శామీర్‌పేట చెరువుకట్ట మీదికి రండి. చెరువు నిండా నీళ్ళు. కట్టకి తూము. తూముకి తలుపు. నీరటి వచ్చి తలుపు ఎత్తితే కాలువలోకి నీళ్ళు దూకుతాయి, దించితే ఆగుతాయి. మన కండరపు పోగు లోపల కూడా ఇలాగే ఒక చెరువు ఉంది. ఒక్క చెరువు కాదు, పోగులోని ప్రతి సన్నని దారాన్నీ జల్లెడలా చుట్టుకుని చిన్న చిన్న సంచులు ఉంటాయి. కాల్షియమంతా వాటిలో నిలవ ఉంటుంది. పొలం పక్కనే చెరువు ఉన్నప్పుడు నీళ్ళు రావడానికి ఎంతసేపు! హిల్‌గారి చిక్కు అలా విడిపోయింది.

ఇప్పుడు మీరు పిండి పిసకాలని అనుకున్నారు. మెదడులో బయలుదేరిన ఆజ్ఞ వెన్నుపాము మీదుగా నరం వెంట చేతి కండరం దగ్గరికి వస్తుంది. నరం కొసన ఎసిటైల్ కోలీన్ అనే పదార్థం కొద్దిగా కారుతుంది. దాంతో కండరపు పోగు పైపొరమీద సన్నని విద్యుత్తు అల లేస్తుంది. ఆ పైపొర అక్కడక్కడ బావిలాగా లోతుకి దిగి ఉంటుంది. అల ఆ బావుల్లోంచి లోపలికి దిగుతుంది. బావి గోడకి ఒక కాపలాదారు ఉన్నాడు. కరెంటు తగలగానే వాడు కదులుతాడు. వాడి కాలు ఎదుటి సంచి తూము తలుపుకి తగులుకుని ఉంటుంది. వాడు కదిలితే తలుపు తెరుచుకుంటుంది. కాల్షియం బిలబిల బయటికి దూకుతుంది. ఇదంతా సెకనులో కొన్ని వేయో వంతుల్లో జరిగిపోతుంది. రెప్ప వాలేలోపల ఎన్నోసార్లు జరగగలదు.

బయటికి దూకిన కాల్షియం ఏంచేస్తుంది? ఈ మాట తేల్చినవారిలో ఇద్దరు స్త్రీలు ఉన్నారని చెప్పడానికి నాకు సంతోషంగా ఉంది. జర్మనీలో కండరాల శాస్త్రజ్ఞుడి కూతురుగా పుట్టి, అమెరికాలో పనిచేసిన అనెమరీ వేబర్ 1959లో ఒక సంగతి రుజువు చేసింది. పరీక్షనాళికలో వేసుకున్న కండర పదార్థం చురుకెక్కాలంటే అతి స్వల్పంగానైనా కాల్షియం ఉండి తీరాలి అని. అదే కాలంలో జపానులో సెట్సురో ఎబాషి, ఆయన భార్య ఫుమికో ఎబాషి కలిసి ఇదే ప్రశ్న మీద పనిచేశారు. 1960ల నడుమ కాల్షియం వచ్చి వాలే పదార్థాన్ని ఎబాషి బృందం విడదీసి చూపించింది. దానికి ట్రోపోనిన్ అని పేరు పెట్టారు. ఈ పేరు ఎక్కడో విన్నట్టుంది కదూ! గుండెనొప్పి అని ఆస్పత్రికి తీసుకువెళితే రక్తం తీసి "ట్రోపోనిన్ చూడాలి" అంటారు. దెబ్బతిన్న గుండె కండరంలోంచి రక్తంలోకి కారేది ఈ జాతి పదార్థమే.

కండరపు పోగులో రెండు రకాల దారాలు పక్కపక్కనే ఉంటాయి. లావుదారం మయోసిన్. దానికి చిన్న చిన్న చేతులు ఉంటాయి. సన్నదారం ఆక్టిన్. మయోసిన్ చేతులు ఆక్టిన్‌ని పట్టుకుని లాగాలని ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి. కాని పట్టుకునే చోట్లమీద ఒక తాడు అడ్డంగా పరుచుకుని ఉంటుంది. ఆ తాడుని పట్టి ఉంచేది ట్రోపోనిన్. కాల్షియం వచ్చి ట్రోపోనిన్ మీద వాలగానే తాడు పక్కకి తొలుగుతుంది. చేతులు దారాన్ని పట్టుకుని, లాగి, వదిలి, మళ్ళీ ముందుకి పట్టుకుని లాగుతాయి. మనం బావిలోంచి చేద లాగేటప్పుడు తాడుని ఒక చేతి తరవాత ఒక చేత్తో అందుకుంటామే, అచ్చం అలాగే. లక్షల చేతులు ఒకేసారి అలా లాగితే మీ వేళ్ళు పిండిలో దిగుతాయి.

గమనించారా? కాల్షియం లాగలేదు. కాల్షియం ఖర్చు కాలేదు కూడా. "కానివ్వండి" అని సైగ చేసింది, అంతే. పెళ్ళింట్లో పెద్దమనిషి తలూపితే మేళం మోగుతుంది. మేళం వాయించేది ఆయన కాదు గదా!

మరి పిడికిలి విప్పాలి. విప్పడమంటే ఏమిటి? ఆ సైగ ఆగాలి. చిమ్మిన కాల్షియాన్నంతా ఏరి మళ్ళీ సంచుల్లోకి ఎక్కించాలి. తూములోంచి కిందికి రావడం తేలిక. కాలువలోని నీళ్ళను తిరిగి చెరువులోకి ఎక్కించాలంటే మోటారు పెట్టి తోడాలి. మన మేడమీది ట్యాంకు చూడండి. కుళాయి తిప్పితే నీళ్ళు వాటంతటవే వస్తాయి. సంపులోంచి పైకి ఎక్కించాలంటే కరెంటు కాలుతుంది. కండరంలో కూడా సంచుల గోడలనిండా అలాంటి మోటార్లే ఉన్నాయి. రెండు కాల్షియం రేణువులను లోపలికి తోడడానికి ఒక ఏ.టి.పి. అణువు ఖర్చవుతుంది.

ఏ.టి.పి. అంటే ఒంట్లో చెల్లే నాణెం అనుకోండి. ఈ నాణెం కథలో మన తెలుగువాడు ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా వెళ్ళి బోస్టన్‌లో చేరారు. హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. అదే పద్ధతితో 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ అనే శక్తి నిలవను పట్టుకున్నారు. 1929లో ఏ.టి.పి.ని వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో లోమాన్ కూడా వేరుచేశాడు. గర్భిణీలకు ఇచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసే మార్గం తరవాతి రోజుల్లో సుబ్బారావుగారి బృందం కనిపెట్టినదే. ఆ బిళ్ళలు మింగిన ప్రతి తల్లీ ఆయనకి కొంత రుణపడి ఉంది.

ఏ.టి.పి. లేకపోతే ఏమవుతుందో చెప్పాలంటే ఒక అశుభం మాట చెప్పాలి, క్షమించండి. ఇంట్లో మనిషి పోతే పెద్దవాళ్ళు వెంటనే దవడ కడతారు, కాలి బొటనవేళ్ళు కలిపి కడతారు, చేతులు సర్దుతారు. ఎందుకంటే కొన్ని గంటలు పోతే ఒళ్ళు కొయ్యబారిపోతుంది. ప్రాణం పోయాక కాల్షియం సంచుల్లోంచి కారిపోతుంది, తోడడానికి ఏ.టి.పి. ఉండదు. మయోసిన్ చేతులు పట్టు వదలాలన్నా ఏ.టి.పి. కావాలి. అది లేదు గనక పట్టుకున్నవి పట్టుకున్నట్టే బిగిసిపోతాయి. బతికి ఉండడమంటే పట్టుకోవడం ఒక్కటే కాదు, వదలగలగడం కూడా. ఈ మాట నేను వేదాంతంగా చెప్పడం లేదు, కండరం సంగతిగానే చెబుతున్నాను.

బతికి ఉన్నవాళ్ళలో కూడా తూము సరిగా మూసుకోని సందర్భం ఒకటి ఉంది. కొన్ని కుటుంబాల్లో ఆ తూము తలుపు నిర్మాణంలోనే పుట్టుకతో ఒక లోపం వస్తుంది. మామూలు రోజుల్లో ఏమీ తెలియదు. ఆపరేషన్‌కి కొన్ని రకాల మత్తుమందులు ఇచ్చినప్పుడు మాత్రం తలుపు తెరుచుకుని ఉండిపోతుంది. కండరాలు బిగిసి, తోడే మోటార్లన్నీ ఒక్కసారిగా తిరిగి, ఒళ్ళు కాలిపోతుంది. ఇది అరుదే. దీనికి డాంట్రోలీన్ అనే విరుగుడు మందు కూడా ఉంది, అది ఆ తూమునే కట్టివేస్తుంది. అందుకని ఆపరేషన్ ముందు మత్తు డాక్టరు "మీ ఇంట్లో ఎవరికైనా మత్తుతో ఇబ్బంది వచ్చిందా?" అని అడిగితే విసుక్కోకండి. మేనమామకో, చిన్నాన్నకో ఏదైనా జరిగి ఉంటే తప్పక చెప్పండి.

ఇప్పుడు మన బిళ్ళల దగ్గరికి వద్దాం. పిక్క పట్టేస్తే "కాల్షియం తక్కువైంది" అని బిళ్ళ వేసుకుంటాం. కాని కండరం కాల్షియాన్ని తిని అరిగించుకోదని చూశాం గదా! వాడిందే మళ్ళీ వాడుకుంటుంది. రక్తంలో కాల్షియం కొంచెం తగ్గితే, మెడలో ఉండే నాలుగు చిన్న గ్రంథులు వెంటనే కనిపెట్టి ఎముకల్లోంచి తీసి సర్దేస్తాయి. ఇల్లాలు లోటు బయటికి కనపడకుండా తన మెడలోది తాకట్టు పెట్టినట్టన్నమాట. రాత్రిపూట పిక్కలు పట్టేయడం ఎక్కువసార్లు నరం తప్పుగా కాల్పులు జరపడం వల్ల వచ్చేదే. దానికి కాల్షియం బిళ్ళ పనిచేస్తుందనడానికి గట్టి రుజువు లేదు. అప్పటికప్పుడు పనిచేసేది మోకాలు చాచి, పాదం వేళ్ళను మనవైపు లాగి పట్టుకోవడమే. అది తరచు వస్తుంటే మీరు వాడే బీపీ మందులూ, కొలెస్ట్రాల్ మందులూ డాక్టరుకి చూపించండి.

నిజంగా రక్తంలోనే కాల్షియం పడిపోతే వచ్చే తంటా వేరు. మూతి చుట్టూ, వేళ్ళ కొసల్లో చీమలు పాకుతున్నట్టు తిమ్మిరి. వేళ్ళు దగ్గరికి చేరి, బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుని, మంత్రసాని చెయ్యి ఆకారంలో బిగుసుకుపోతాయి. కాల్షియం తగ్గితే కండరం చల్లబడాలి గాని బిగుసుకోవడమేమిటని మీరు అడగవచ్చు. బిగించమనే సైగ లోపలి నిలవలోంచి వస్తుంది. రక్తంలో ఉన్న కాల్షియం పని నరాలను అదుపులో ఉంచడం. ఆ అదుపు తప్పితే నరాలు చీటికీ మాటికీ ఆజ్ఞలు పంపుతుంటాయి, కండరం పాపం పాటిస్తుంది. థైరాయిడ్ ఆపరేషన్ అయినవాళ్ళకీ, ఒంట్లో విటమిన్ డి బాగా తగ్గిన గర్భిణీలకీ, బాలింతలకీ ఇది రావచ్చు. అప్పుడు ఇంట్లో బిళ్ళతో సరిపెట్టకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

మరి మా పెద్దమ్మ సంగతి ఏమిటి? ఆర్నెల్ల తరవాత ఆమె మెట్లు ఎక్కలేకపోతోందని కబురు వచ్చింది. అప్పుడు మేలుకున్నాను. మోకాళ్ళు బాగుండి తొడల్లో సత్తువ పోయిందంటే, నేలమీంచి లేవడం, మెట్లెక్కడం, నెత్తిమీదికి చేతులెత్తి జడ వేసుకోవడం కష్టమవుతుందంటే, చూడవలసిన వాటిలో ముందుది విటమిన్ డి. అదే నేను క్లాసులో చెప్పే పాఠం! డాక్టరుగారు రక్తం పరీక్ష రాశారు. విటమిన్ డి చాలా తక్కువగా ఉంది.

విటమిన్ డి లేకపోతే పేగులు మనం తిన్న కాల్షియంలో పదింట ఒకటో, ఒకటిన్నరో వంతు మాత్రమే పీల్చుకుంటాయి. మిగిలినదంతా వచ్చిన దారినే పోతుంది. ఇన్నాళ్ళూ పెద్దమ్మ మింగిన బిళ్ళల గతి అదే. అంతే కాదు. మెడలోని ఆ గ్రంథులు కాల్షియాన్ని కాపాడే ఆరాటంలో ఫాస్ఫేటును మూత్రంలో పోనిస్తాయి. ఫాస్ఫేటు అంటే ఏ.టి.పి.లో ఉన్నదే, సుబ్బారావుగారు కొలిచినదే. ఎముక మెత్తబడుతుంది, కండరం డీలా పడుతుంది. మనం దానికి వయసు అని పేరు పెడతాం.

ఇంత ఎండకాసే దేశంలో ఇదేం చోద్యం అనుకోకండి. తిరుపతి వైద్యులు 2007లో ప్రచురించిన పరిశీలనలో ఆరోగ్యంగా కనిపించే మామూలు మనుషుల్లో కూడా విటమిన్ డి తక్కువగా ఉన్నట్టూ, తిండిలో కాల్షియం చాలనట్టూ తేలింది. పట్నవాసుల్లో ఆ లోటు ఇంకా ఎక్కువ. మా పెద్దమ్మ పొలంలో ఉన్నన్నాళ్ళూ ఎండ ఉచితంగా ఇచ్చినదాన్ని నీడపట్టున కూర్చోబెట్టి మేమే తీసేశాం. మన ప్రాంతంలో విటమిన్‌ని తయారుచేసే కిరణాలు బాగా తగిలేది పదకొండు, రెండు గంటల మధ్య. పొద్దుటి లేత ఎండలో అవి తక్కువ. కిటికీ అద్దంలోంచి అసలు రావు. చేతులకూ, కాళ్ళకూ కొద్దిసేపు ఎండ తగిలేలా డాబామీద వడియాలు పెట్టుకున్నా చాలు, మాడిపోనక్కరలేదు.

తిండి సంగతి కూడా చెబుతాను. పెద్దవాళ్ళకి రోజుకి 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. అది మన తార్నాకలోనే ఉంది. పాలిచ్చే తల్లులకీ, ముట్లుడిగినవాళ్ళకీ 1200. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. నువ్వుల్లో వెయ్యికి పైనే ఉన్నా, మనం తినేది చెంచాడే గనక ఒక నువ్వులుండ, కొంచెం నువ్వులపొడి అని లెక్కవేసుకోండి. రెండు గ్లాసుల పాలో, పెరుగో అయితే సగానికి సగం వస్తుంది. మునగాకు కూడా మంచిదే. డాక్టరు బిళ్ళలు రాస్తే వాటిని అన్నంతోపాటు వేసుకోవాలి. రక్తానికి వాడే ఇనుము బిళ్ళనీ దీన్నీ ఒకేసారి మింగకండి, ఇనుము ఒంటికి పట్టకుండా కాల్షియం అడ్డుపడుతుంది. విటమిన్ డి పెద్ద మోతాదులు డాక్టరు చెప్పకుండా వాడవద్దు. అది మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలకే చేటు.

పెద్దమ్మ మూడు నాలుగు నెలలు వైద్యం చేయించుకుంది. మళ్ళీ పండక్కి వెళ్ళాను. పీటమీంచి ఒక్క చెయ్యి నేలకి ఆనించి లేచి, నాకేసి చూసి, "వయసు తగ్గింది బిడ్డా" అంది. నేను ఏమనగలను! తల వంచుకున్నాను.

ఈవేళ మీ ఇంట్లో అమ్మనో, అత్తగారినో నేలమీంచి లేచేటప్పుడు ఒకసారి గమనించండి. చేతులు తొడలమీద ఆనించి లేస్తున్నారేమో చూడండి. అలా లేస్తుంటే "వయసు" అన్న మాట నోటికి రానివ్వకండి, డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి. నాలాగా ఆర్నెల్లు ఆలస్యం చెయ్యకండి.

ఇక మీ పిండి మీరు కలుపుకోండి.